బుజ్జిగాడి బర్త్‌డే సందేశము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కూకట్‌పల్లిలోని నాలుగో అంతస్తు ఫ్లాటు నుండి మా కోడలు ఫ్యామిలీ గ్రూపున వెలువరించిన సందేశమిది. చదువరులు నాలుగు తరములవారు: మా అమ్మ, మేము, మా పిల్లలు, ఇంకను చదువ రాని బుజ్జిగాడు. మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథ సూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు మాట ఇచ్చెను. ఆయన వ్యాఖ్యానించినది కాళిదాసును, కోడలి మెసేజును కాదు. ఆ మాట మేమియ్యజాలము.

మూలము

ఆదివారం సాయంత్రం ఆరింటికి బుజ్జిగాడి ఐదో బర్త్‌డే. టెర్రస్ మీద. ఎగ్‌లెస్ కేకే! అందరూ తప్పకుండా రావాలి. నో గిఫ్ట్స్ ప్లీజ్.

ప్రతిపదార్థము

ఆదివారం = సెలవు దినమున. తేదీ ప్రకారము పుట్టినరోజు గడచిన మంగళవారమే. బడిలో చాక్లెట్లు నాడే పంచిరి. మా అమ్మకు తేదీతో పని లేదు. "నాగుల చవితి మర్నాడు పుట్టాడు వీడు" అనును. పన్నెండు చాంద్రమాసములు కూడిన సుమారు 354 దినములే గనుక, తిథి ఏటా పదునొకండు దినములు వెనుకకు నడచి, అధికమాసము వచ్చిన యేడు ముందుకు దుముకును. కావున వానికి పుట్టినరోజులు మూడు. తిథినాడు తలంటు, పాయసము, తేదీనాడు చాక్లెట్లు, ఆదివారము కేకు. మూడిటికిని కొత్తబట్టలు కావలెనని వాని పక్షము.

ఆరింటికి = ఆరు గంటలకు. ఇచ్చట పాఠాంతరము కలదు. తొలి పాఠము "ఐదింటికి". సందేశము క్రింద "ఎడిటెడ్" అను సన్నని ముక్కయే సాక్ష్యము. వాట్సాపున దిద్దుబాటుకు పదునైదు నిమిషములే గడువు. మా అమ్మ పన్నెండవ నిమిషమున ఫోను చేసెను. "ఆదివారం నాలుగున్నర నించి ఆరు దాకా రాహుకాలం కదే అమ్మాయ్, ఐదింటికి కేకు కోయిస్తావా?" కోడలు ఆరు చేసి, పిల్లల పగటినిద్రలు అప్పటికి ముగియునని గ్రూపునకు కారణము చెప్పెను. ఒకే పదమున రెండర్థములును చక్కగా పొసగినవి గనుక ఇది శ్లేష.

టెర్రస్ మీద = హాలులో. లిఫ్టు టెర్రస్ వరకు పోదు. ఆపైన ఇరువది రెండు మెట్లున్నవి. మా అమ్మ మోకాళ్లకు అందులో సగము కూడ ఎక్కువే. "గంగలో గొల్లపల్లె" అన్నచో గంగ యొడ్డున అని లక్షణచేత చెప్పుకొనునట్లే, టెర్రస్ అన్నచో దానికి దిగువనున్న ఇల్లని గ్రహింపవలెను. హారతి, కేకు ఇంటిలో. పాటలు, పరుగులు పైన అని తీర్మానమయ్యెను.

ఎగ్‌లెస్ కేకే = గుడ్డు లేని కేకు మాత్రమే. చివరి ఏకారము అవధారణార్థకము, తాతమ్మను ఉద్దేశించినది. ఆమె ఎటులును ముట్టలేదు. "ఆ కత్తి దేన్ని కోసిందో" అని రవ్వలడ్డు వైపు జరిగెను.

కొవ్వొత్తి మూలమున లేదు. అయినను ఇల్లంతయు రెండు రాత్రులు దానినే వ్యాఖ్యానించినది. మా ఇంట దీపము ఆరదు, కొండెక్కును. అట్టిది, పుట్టినరోజున నోటితో ఊది ఆర్పి, పైగా చప్పట్లు కొట్టుటయా అని పూర్వపక్షము. ఊదనిదే వాడు కేకు కోయనీయడని మా అబ్బాయి సిద్ధాంతము. తుదకు ముందుగా కుందిలో దీపము వెలిగించి, అది వెలుగుచుండగానే కొవ్వొత్తులు ఊదవచ్చునని సమన్వయించితిమి. బుజ్జిగాడొక్కడే ఊదవలసినచోట తొమ్మండుగురు పిల్లలు మూతులు చాచి ఊదిరి. తుంపరలు క్రీముపై మంచువలె కురిసినవి. మా అమ్మ నా వైపు చూచిన చూపునకు టీక అక్కరలేదు.

నో గిఫ్ట్స్ ప్లీజ్ = కానుకలు వలదు. వాడి స్నేహితుల తల్లిదండ్రులకిది వాచ్యార్థమే. ఇంట బొమ్మలు పెట్టుటకు చోటు లేదు. మా యీడువారికి వ్యంగ్యార్థము స్ఫురించి, 116 రూపాయల కవరు జేబున వేసుకొని వచ్చిరి. మేనమామకు ఏ అర్థమును తట్టలేదు, సైకిలు తెచ్చెను. గ్రూపున ఈ వాక్యమునకు మా బావగారు ఏమని బదులిచ్చిరో తెలియరాదు. అచ్చట "ఈ సందేశం తొలగించబడింది" అని మాత్రము కలదు. గ్రంథపాతము.

తాత్పర్యము

ఆదివారము రండి.

విశేషములు

భోజనము గూర్చి మూలము మౌనము వహించినను పులిహోరయు నూడుల్సును ఒకే బల్లపై నుండెను. నూడుల్సు గిన్నె ఖాళీ చేసినది మా తరమువారు.

కేకు ముగియగానే పిల్లలు పైకి పోవుదురని మేమనుకొంటిమి. ఇది భ్రాంతిమదలంకారము. వారు హాలులోనే, తాతమ్మ కుర్చీని కూడ కలుపుకొని, మ్యూజికల్ చైర్స్ పెట్టిరి. పాట మ్రోగినను, ఆగినను ఆమె లేవలేదు. ఒక్కొక్క కుర్చీయే తీసివేయగా చివరకు మిగిలినది ఆమెదే. తాతమ్మ గెలిచినదని బుజ్జిగాడు కేకవేసి, రిటర్న్ గిఫ్టులలోని పెన్సిలు డబ్బా నొకటి ఆమె చేతిలో పెట్టెను. ఇప్పుడది దేవుని గదిలో నున్నది. అందులో ఆమె వత్తులు పెట్టుకొన్నది.