పిడికిళ్ళు కొలిచిన కుంచం

నేను ఇత్తడి కుంచాన్ని. నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు, పదహారు సోలలు పట్టే కడుపు నాది. ఒంగోలుకు పడమటగా ఒక మెట్ట ఊరి మాదిగపల్లెలో బాప్టిస్టు మందిరం ఉంది. ఆ మందిరం వెనక గదిలో, పగిలిన పెట్రోమాక్స్ దీపానికీ గాలి పట్టని హార్మోనియానికీ మధ్య ఇప్పుడు నా కాపురం.

ఎవరు పోతపోశారో, ఏ అంగట్లో అమ్ముడుపోయానో చెప్పుకునేంత కథ కాదు. నాకు ఊహ తెలిసేసరికి ఒక ఆసామి కళ్ళంలో ఉన్నాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కూలిగింజలు కొలిచేటప్పుడు నా అంచు మీద అరచెయ్యి గట్టిగా నిమిరి, నాలుగు గింజలు వెనక్కి రాల్చుకునేవారు. అప్పుగింజలు తిరిగి రాబట్టేటప్పుడు గోపురంలా లేచేదాకా పోయించుకునేవారు. చెప్పులూ మోటబానలూ కుట్టి ఇచ్చి, ఏడాదికోసారి రావలసిన మేర కోసం కళ్ళం అంచున నిలబడ్డవాళ్ళు నా వంకే చూస్తూ ఉండేవారు. వాళ్ళను మోసం చేసింది ఆ చెయ్యే. కానీ ఆ చేతిలో ఉన్నది నేను.

ఆ ఇంట్లో పంపకాలయ్యాక పాత సామానుతోపాటు నన్నూ అమ్మేశారు. పల్లెలో వారమంతా బడి చెప్పి, ఆదివారం వాక్యం చెప్పే పంతులుగారు కొన్నారు. మందిరం అరుగు మీద పెట్టి, చింతపండుతో తోమించారు. "ఇక నుంచి నువ్వు దేవుని సొమ్ము కొలవాలి" అన్నారు. నాతో ఒక మనిషి మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ అరుగు మీదే పెద్దమ్మల నోట పాత సంగతులు విన్నాను. 1876లో మొదలైన కరువును వాళ్ళు ధాత కరువు అనేవారు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని పేదలకు పని చూపించాడు. కూలి దొరికేది, కడుపు నిండేది. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చేవాళ్ళెవరో, ప్రభువు కోసం వచ్చేవాళ్ళెవరో తేలాలన్నాడు. పని ఆగిపోయింది, కూలి ఆగిపోయింది, జనం మాత్రం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఏటిలో నిలబడి బాప్తిస్మాలిచ్చారు.

అయినా "బియ్యం కోసం మతంలో కలిశారు" అనే మాట ఊళ్ళో పోలేదు. నా అంచు దగ్గర నిలబడి అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు నోరుంటే ఒక్కటే అడిగేదాన్ని: అలాగైతే ఇన్నేళ్ళుగా ఈ పల్లె ఇళ్ళలోంచి మందిరానికి వచ్చిన గింజలు ఏమిటి?

అప్పట్లో కలిసినవాళ్ళకు చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. ఆదివారం పిలిస్తే పనికి రానన్నవాడికి సోమవారం పని లేకుండా చేశారు. జాతరలో డప్పు కొట్టనన్నవాళ్ళకు మేర ఆపేశారు. ఆ పల్లెలో పరిశుద్ధత అంటే ప్రసంగంలో మాట కాదు, ఒక పూట పస్తు. వెనకటి కళ్ళంలో ఎవరికి గింజలు తగ్గించి కొలిచానో వాళ్ళే ఆ పస్తుల్లోంచి పిడికెడు తీసి నాకు తెచ్చేవారు.

ఆ కానుకను పిడికెడు బియ్యం అనేవారే గానీ, ఆ రోజుల్లో మా మెట్టలో బియ్యం పండగ పూట తిండి. వచ్చేవి జొన్నలు, సజ్జలు, వరిగలు. పొయ్యి మీద ఎసరు కాగుతుంటే ఆడవాళ్ళు చాటలోంచి పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేవారు. అందరూ తిన్నాక మిగిలింది కాదు, ఎవరూ ముట్టకముందు తీసింది. ఆదివారం కొంగు చాటున ఆ ముంత తెచ్చి నాలో వంచేవారు. పంతులుగారు కొలిచేవారు. కళ్ళంలో మొదటి కుంచాన్ని "లాభం" అని లెక్క పెట్టేవారు కదా, ఆయన అక్కడ "స్తోత్రం" అనేవారు. స్తోత్రం, రెండు, మూడు. మా మందిరంలో నాలుగు దాటిన వారం పండగే. అందులో కొంత పంతులుగారి ఇంటికి, కొంత విధవరాళ్ళకూ బాలింతలకూ, మిగిలింది అమ్మితే పైకప్పు తాటాకులకు.

ఒక వేసవి నాకు ఎన్నటికీ మరపు రాదు. వరసగా రెండేళ్ళు వానల్లేవు. ఒక ఆమె ఉత్త ముంత కొంగులో దాచుకుని వచ్చి, వేపచెట్టు కింద ఆగిపోయింది. లోపలికి రావడానికి సిగ్గు, వెనక్కి పోవడానికి మనసొప్పదు. వెనక వస్తున్న పక్కింటామె చూసింది. ఏమీ అడగలేదు. తన ముంతలోవి సగం ఆమె ముంతలోకి వంచి, "పద వదినా, పాట మొదలైంది" అంది. ఇద్దరూ వచ్చి నాలో పోశారు. ఎవరివి ఎన్నో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు.

నెలకోసారి ప్రభువు బల్ల. ముందురోజు రాత్రి సిద్ధపాటు కూడిక. మేక చేలో పడిందని ఆరు నెలలుగా మాటల్లేని తోడికోడళ్ళు ఉండేవారు. ఒక రాత్రి ఆ కూడిక అయ్యాక చిన్నామె మెట్ల మీదే కూర్చుండిపోయింది. పెద్దామె దిగి వస్తుంటే కాళ్ళకు అడ్డంపడి, "అక్కా, రేపు నువ్వు బల్ల దగ్గరికి రాకపోతే నేనూ రాను" అని ఏడ్చింది. ఇలాంటి రాత్రులు చూశాను కాబట్టే ఆ బల్ల మీది రొట్టె ముక్క ఎంత బరువో నాకు తెలుసు.

1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. కుంచాలు పోయి కిలోలు వచ్చాయి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీళ్ళొదిలాక పక్క ఊళ్ళలో వరి పండింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మా పల్లెకూ వచ్చింది. బియ్యం ఇంటింటికీ చేరింది. ముంత మాత్రం మూలనుంచి పోయింది.

నన్ను కొట్టుగదిలోకి నెట్టారు. ఒక క్రిస్మస్‌కు నాలో ఇసుక నింపి సరుగుడు కొమ్మ నిలబెట్టారు. పండగ వెళ్ళాక కొమ్మ తీశారు గానీ, ఇసుక వేసవిదాకా నా కడుపులోనే ఉంది. మరో ఏడాది గోడలకు వెయ్యడానికి నాలో సున్నం కలిపారు. కడగలేదు. ఆ సున్నం ఇప్పటికీ నా లోపలి అంచున గట్టిగా పట్టి ఉంది. మేస్త్రీ నా మీద కాలు పెట్టి ఎక్కితే అడుగు సొట్టపోయింది. "పాత ఇత్తడికి వేసేస్తే సరి" అని కుర్రాళ్ళు అనుకుంటుంటే విన్నాను.

నా బాధ సొట్టకు కాదు. తలుపు సందులోంచి ఆరాధన వినబడుతుంది. ఇప్పుడు కానుకలు కవర్లలో వస్తాయి, గోడ మీది క్యూఆర్ కోడ్ ద్వారా ఫోనులోనూ వస్తాయి. మంచిదే, కాలం మారింది. కానీ ఎవరెంత ఇచ్చారో మైకులో పేరు పేరునా చదువుతున్నారు. పెద్ద మొత్తానికి చప్పట్లు. చిన్న మొత్తం ఇచ్చినవాళ్ళు తల దించుకుంటారు. వేపచెట్టు కింద ఆగిన ఆ తల్లి ఈ రోజు వస్తే, ఏ మొహంతో లోపలికి రాగలదు? ఇది తప్పు. ఇక్కడ పుట్టి పెరిగిన భక్తి ఇలాంటిది కాదు.

ఒక్క అవ్వ ఇంకా ముంత తెస్తుంది. పోయడానికి చోటు లేక పాస్టరమ్మగారి చేతికిచ్చి వెళ్తుంది.

అమ్మల్లారా, రేపు ఎసరు పెట్టినప్పుడు ఎవరూ తినకముందు పిడికెడు తీసి పక్కన పెట్టండి. అయ్యా, సంఘపెద్దల్లారా, ఆ పేర్లు చదవడం ఆపండి. నన్ను చింతపండుతో తోమి మళ్ళీ అరుగు మీద పెట్టండి.