‘చిత్తూరు లింకు పడింది’: టీకా తాత్పర్య సహితము

మూలము

రా. 2.17. చిత్తూరు లింకు పడింది. 2.19 లేచింది. 2.20 మళ్ళీ పడింది. జేసీబీ ఏమో. పాకాల అన్నకు ఫోన్ కొట్టినా, ఎత్తలే. చూస్తా ఉండాం.

అవతారిక

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో, కింద టైర్ల అంగడి ఉన్న మేడ మూడో అంతస్తులో ఒక చల్లటి గది. గోడకు రెండు పెద్ద తెరలు, వాటి ముందు చక్రాల కుర్చీలు మూడు, అందులో ఒకదానికి చక్రం లేదు. దీన్ని నాక్ రూము అంటారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని బ్యాంకులకు, ఆసుపత్రులకు, కాలేజీలకు పోయే నెట్టు లింకులు బతికున్నాయా లేదా అని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండడం ఇక్కడి పని. రాత్రి కూర్చున్నవాడు తెల్లవారి వచ్చేవాడి కోసం రాసిపెట్టే చిట్టాలో దొరికినదీ మూలం. కవి వయసు ఇరవై మూడు. మూలం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. లిపి మార్చాము తప్ప మాట మార్చలేదు.

మెదకు సీమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన పగటిపూట రాసి ఉంటాడు. రాత్రి రెండుకు మేలుకున్నవాడికి తోచేవన్నీ అక్కరలేనివే. పదకొండేళ్ళు అదే కుర్చీలో, అంటే చక్రం లేని దానిలో, కూర్చున్న ఈ టీకాకారుడు అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు.

ప్రతిపదార్థము

రా. = రాత్రియందు; 2.17 = రెండు గంటల పదునేడు నిమిషములకు; చిత్తూరు లింకు = తిరుపతి మొదలు చంద్రగిరి, పాకాల, పూతలపట్టుల మీదుగా చిత్తూరు దాక భూమిలో పాతిన గాజుతీగె; పడింది = పిలిచిన పలుకదాయెను; 2.19 లేచింది = రెండు నిమిషములకు పలికెను; మళ్ళీ = మరల, ‘అయ్యో’ అని అర్థాంతరము; జేసీబీ = పసుపువన్నె గల త్రవ్వు యంత్రము; ఏమో = కావచ్చును, కాకపోవచ్చును, కాకున్నను అదియే అనవలెను; పాకాల అన్నకు = పాకాలయందు కాపురముండు ఫీల్డు ఇంజనీరునకు; ఫోన్ కొట్టినా = పిలిచితిని; ఎత్తలే = ఎత్తడాయెను; చూస్తా = తెరను వీక్షించుచు; ఉండాం = ఉన్నారము.

కాలనిర్ణయము

‘2.17’ అనుటలో కవి సమయమెరిగినవాడు. తిరుపతికి నిద్రంటూ ఉంటే ఆ కాసేపే. కొండకు బండ్లు పోయే ఘాట్ రోడ్డును అర్ధరాత్రి మూసి మళ్ళీ 3 గంటలకు గాని తెరవరు. ఏకాంతసేవ ముగిసి తలుపులు వేశాక స్వామికి దొరికే విశ్రాంతి కూడా కొద్దిసేపే. మామూలు రోజుల్లో 3 గంటలకల్లా సుప్రభాతం. స్వామిని శ్లోకం పాడి లేపుతారు. మన కవిని లేపేది ‘బీప్’.

అయితే ఏ రోజు 2.17? ఇక్కడ పెద్ద తగాదా ఉంది. కవి 12వ తేదీ అంటాడు. అదే సంఘటనకు యంత్రం తన చిట్టాలో 11వ తేదీ 20.47 అని రాసుకుంది. రెండూ సరే. ప్రపంచంలో ఏ మూలన ఉన్న సర్వరైనా ఒకే కాలం చెప్పాలని యంత్రాలకు యూటీసీ, అంటే గ్రీనిచ్ కాలం, పెడతారు. మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. అంటే యంత్రానికి రోజు మారేది మన ఉదయం 5.30కి.

పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయానికి. తిరుపతిలో పొద్దు పొడిచేది వేసవిలో 5.45 ప్రాంతంలో, చలికాలంలో 6.30 దాటాక. కాబట్టి గ్రీనిచ్ గడియారమూ మన పంచాంగమూ దాదాపు ఒక్క మాట మీదే ఉన్నాయి. నడిరేయి చీకట్లో, కోడి కూయకుండా, ఎవరికీ చెప్పకుండా రోజు మార్చేసేది గోడ కేలండరు ఒక్కటే.

దీని ప్రయోజనం చిన్నది కాదు. శనివారం ఒక్కపొద్దుండే కుర్రవాడు శుక్రవారం రాత్రి షిఫ్టులో, పన్నెండు దాటాక, ఎగ్ పఫ్ తినవచ్చునా? కేలండరు ప్రకారం కూడదు. పంచాంగం ప్రకారం, సర్వరు ప్రకారం, ఇంకా శుక్రవారమే గనుక తినవచ్చును. మరుసటి రాత్రి మాత్రం పన్నెండు దాటినా శనివారమే నడుస్తుంది, అప్పుడు తినరాదు. ఒక్క రాత్రి పఫ్‌కు కేలండరునూ ఇంకో రాత్రికి పంచాంగాన్నీ ప్రమాణంగా పట్టుకునేవాళ్ళు మా గదిలోనే ఇద్దరున్నారు. వాళ్ళది ఏ మతమో తేల్చడం టీకాకారుడి వల్ల కాలేదు.

‘పడింది’

లింకు ఎత్తు మీద లేదు, పడడానికి. భూమిలో మూడడుగుల లోతున పడుకునే ఉంది. కనుక ఇది లక్ష్యార్థము. తిరుపతి యంత్రం నిమిషానికోసారి చిత్తూరు యంత్రాన్ని పిలుస్తుంది. ఆ పిలుపు పేరు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికావాడు ఆ చిన్న ప్రోగ్రాము రాసి, జలాంతర్గాములను వెతికే సోనారు శబ్దాన్నే దానికి పేరుగా పెట్టాడు. చిత్తూరు పలికితే తెర మీద పచ్చ, పలకకపోతే ఎరుపు.

ఒకసారి పలకకపోతే మాత్రం పడినట్టు కాదు. మా గదిలో నడిచే నాగియోస్ అనే కావలి ప్రోగ్రాములో పతనము రెండు విధములు: సాఫ్టు, హార్డు. మృదుపతనము, కఠినపతనము అందాం. కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు కేకేసినట్టు, అదీ పిలుస్తుంది. మూడోసారి కూడా హాజరు కాకపోతేనే కఠినమని తేల్చి మెసేజి పంపుతుంది. ఎన్నిసార్లు పిలవాలన్నది మనం పెట్టుకునేదే. ఇదిగాక, చివరి ఇరవైయొక్క పిలుపుల జవాబులు గుర్తుపెట్టుకుని, అందులో పడుతూ లేస్తూ ఉండడం ఎక్కువైతే ‘ఫ్లాపింగ్’ అని ముద్ర వేసి మెసేజీలు ఆపేస్తుంది. ఇంట్లో రోజూ అలిగే అల్లుడిని రెండో వారం నుంచి ఎవరూ బతిమాలరు కదా, అదే న్యాయము.

నాగియోస్ శబ్దము నాగశబ్దభవమనీ, పాము పడగ విప్పి నిధికి కావలి కాచినట్టు ఇది సర్వరుకు కాస్తుందనీ మా గదిలో ఒక వ్యుత్పత్తి ఉంది. అందంగా ఉంది గాని తప్పు. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ దీన్ని నెట్‌సెయింట్ అన్న పేరుతో విడుదల చేశాడు. ఆ పేరుకు చిక్కులొచ్చి మార్చాల్సి వచ్చినప్పుడు, గ్రీకులో సాధువును చెప్పే హాగియోస్ అన్న మాట కలిసేటట్టు నాగియోస్ అన్నాడు. సాధువునని పట్టుబట్టను అని ఆ పేరులోనే విరుపు. సాధువైతే రాత్రి రెండుకు అరవడు.

‘మళ్ళీ’

బ్యాంకుతో రాసుకున్న కాగితంలో లింకు 99.9 శాతం కాలం నిలబడాలని ఉంటుంది. లెక్క వేస్తే నెలకు 43 నిమిషాలు పడే హక్కు లింకుకుంది. కాపలా ఉన్నవాడికి నెలకు ఒక్క నిమిషం కునుకు హక్కు రాసిన కాగితం నేను చూడలేదు.

‘జేసీబీ ఏమో’

జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను ఆంగ్లేయుని పేరులోని తొలి అక్షరాలు మూడు. 1945లో కంపెనీ పెట్టాడు. కన్నవాళ్ళ పేరు బిడ్డకు పెట్టడం మనకూ ఉన్నదే గాని, తవ్వే యంత్రాలన్నిటికీ ఒక్కడి పేరే నిలిచిపోవడం అరుదు.

ఇక్కడ కవి తర్కం నిలవదు. జేసీబీ తెంచిన తీగె రెండు నిమిషాలకు తనంతట తాను అతుక్కోదు. పైగా రాత్రి రెండుకు పాకాల దగ్గర జేసీబీ ఎవడు తోలతాడు? పడి లేచి పడే లింకుకు కారణాలు వేరు: అతుకు పెట్టెలో నీళ్ళు దిగడం, వదులైన కనెక్టరు, మధ్యలోని డబ్బాకు కరెంటు వచ్చి పోవడం, ఎలుక. ఇవన్నీ కవికి తెలుసు. అయినా ‘జేసీబీ ఏమో’ అన్నాడంటే అది హేతువు కాదు, సంప్రదాయము. రోడ్డు వెడల్పు పనులు సాగినన్నాళ్ళూ ప్రతి పాపమూ జేసీబీదే అయ్యింది. ఆ అలవాటు నోటిని ఇంకా వదల్లేదు.

తీగె ఎక్కడ తెగిందో చెప్పే యంత్రం ఓటీడీఆర్. ఒక చివర నుంచి వెలుతురు తునక పంపుతుంది. గాజులోని అణువణువూ ఆ వెలుతురును రవ్వంత వెనక్కి చిమ్ముతుంది. గాజులో వెలుతురు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు గనుక, పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. కిలోమీటరుకు పది మైక్రోసెకన్లు. ఈ వెనక్కి చిమ్మడాన్ని రేలీ పరిక్షేపణ అంటారు, ఆకాశం నీలంగా కనబడడానికి 1871లో లార్డ్ రేలీ చెప్పిన కారణమూ అదే.

అసలు సంగతి ఏమంటే, మన లింకు పోయే దారిలోనే, పాకాల మండలం గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడారుతో పాటు, 1998లో జపాన్ వాళ్ళ సహకారంతో పెట్టిన లైడారు ఉంది. మబ్బు లేని రాత్రుల్లో లేజరు తునకలు పైకి పంపి, గాలి అణువులు వెనక్కి చిమ్మిన వెలుతురును కొలిచి, ఎన్నో పదుల కిలోమీటర్ల ఎత్తున ఎంత వేడి ఉందో లెక్క కడతారు. ఒకే సూత్రం, ఒకే రోడ్డు, ఒకే రాత్రి. వాళ్ళు ఆకాశంలోకి వెలుతురు కొట్టి జవాబు కోసం చూస్తారు, మేము భూమిలోకి. ఆకాశం నుంచి జవాబు రావడమే తేలిక. మా ఓటీడీఆర్ పాకాల అన్న సంచిలో ఉంది, సంచి అన్న ఇంట్లో ఉంది, అన్న నిద్రలో ఉన్నాడు.

‘ఫోన్ కొట్టినా, ఎత్తలే’

శ్లేష. కోస్తావాళ్ళు ‘కొట్టినప్పటికీ ఎత్తలేదు’ అని చదువుకుంటారు. మా సీమలో ‘కొట్టినా’ అంటే కొట్టితిని. కామా తీసేస్తే మొదటి అర్థం, ఉంచితే రెండోది. కవి కామా ఉంచాడు, అంటే తన బాధ్యత తాను తీర్చుకున్నట్టు సాక్ష్యం పెట్టుకున్నాడు. ఉద్యోగంలో పైకొచ్చే లక్షణం.

‘చూస్తా ఉండాం’

పాఠాంతరము ఒకటి ఉంది. ఇదే రాత్రి గురించి పై ఆఫీసుకు పోయిన మెయిల్లో ‘వియార్ క్లోజ్‌లీ మానిటరింగ్ ది ఇష్యూ’ అని కనబడుతుంది. ప్రక్షిప్తమని తోసేయవచ్చు.

‘ఉన్నాం’ అనవలసిన చోట ‘ఉండాం’ చిత్తూరు రూపము, నామిని కథలు చదివినవాళ్ళకు కొత్త కాదు. గదిలో ఒక్కడే ఉండగా బహువచనమెందుకన్నది ప్రశ్న. గౌరవార్థకం కాదు. ఆ వేళప్పుడు పెద్ద మేడలో ఒక్కడినే ఉన్నానని రాయడానికి ఎవరికీ మనసొప్పదు. కింద వాచ్‌మన్ తాత ఉంటాడు గాని, ఆయన్ను లేపడానికి కింద ఇంకో వాచ్‌మన్ కావాలి.

శంక: చూడడము పని ఎట్లగును? ఈ శంకను నాకు మొదట తెచ్చినది మా అవ్వ. ఉద్యోగం వచ్చిన కొత్తలో అడిగింది.

“రాత్రంతా ఏం జేస్తావు నాయనా?”

“చూస్తా ఉంటానవ్వా.”

“ఏం జూస్తావు?”

“ఏమన్నా అవుతుందేమోనని.”

“కాకపోతే?”

“కాకపోతే మేలు.”

కాసేపు ఆలోచించింది. “ఓ, కావిలా! మీ తాత చెనిక్కాయ చేన్లో పందులకు పొణుకుండినట్టు. అట్ల జెప్పు మరి.” తర్వాత ఇంకో మాట అడిగింది: “పంది వస్తే మీ తాత డబ్బా కొట్టేవాడు. నువ్వేం కొడతావు?” ఫోన్ కొడతానన్నాను. “ఎత్తుతారా?” అంది. ఈ మూలానికి ఇంతకు మించిన టీక రాదు, నేను రాసినదంతా దానికి కొసరు.

తాత చేన్లో ఒక తేడా ఉంది. తెల్లవారి పందులు తొక్కని చేను అందరికీ కనబడుతుంది. మా చేను కనబడదు. మంచి రాత్రుల్లో చిట్టాలో ‘అంతా పచ్చే’ అని రెండు మాటలుంటాయి, చెడ్డ రాత్రులకే వాక్యాలు దొరుకుతాయి. ఏడాది చివర అప్రైజలుకు కూర్చున్నప్పుడు నువ్వు చేసిందేమిటని అడిగితే చూపడానికి పడినవే ఉంటాయి. పడనివాటి కోసం మేలుకున్న రాత్రులకు లెక్క లేదు. ఆ రాత్రుల ఖర్చు మాత్రం ఒంట్లో చేరుతుంది. రాత్రి షిఫ్టులను 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ‘బహుశా క్యాన్సర్ కారకాలు’ అన్న వర్గంలో చేర్చింది, 2019లో మళ్ళీ అదే మాట అంది. మా గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు టీ మానేసి గ్రీన్ టీ తాగుతున్నారు.

లోకమంతా మా పని చేసిన రాత్రి ఒకటుంది. 2021 అక్టోబరు 4, మన టైము 9 దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కలిసి పోయాయి. మరమ్మతులో ఇచ్చిన ఒక కమాండు వాళ్ళ సొంత లింకులన్నిటినీ తెంచేసింది. దాంతో వాళ్ళ పేరు చెబితే దారి చూపే సర్వర్లు ఇంటర్నెట్ పటం మీద నుంచే తప్పుకున్నాయి. ఇంజనీర్లకు తమ భవనాల్లోకి పోవడమే కష్టమైంది. ఆరు గంటలు. మేము మామూలుగా ఏ సంగతైనా వాట్సాప్ గ్రూపులో పెడతాం. వాట్సాప్ పోయిందన్న సంగతి ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రాత్రి మా లింకులన్నీ పచ్చగా ఉన్నాయి. అయినా నెట్టు పోయిందని వచ్చిన ఫోన్లకు తెల్లవార్లూ జవాబు చెప్పాం. ఎవరూ నమ్మలేదు.

తాత్పర్యము

లింకు పడి లేచి పడినదనియు, కారణము తెలియదనియు, తెలిసినవాడు పలుకడనియు, తాను నిద్రపోలేదనియు భావము.

శేషము

మూలంలో తర్వాతి పుట: ‘5.48 లేచింది. మళ్ళీ పడలే. ఏమీ చేయలే.’ ఎందుకు లేచిందన్న దానిపై గదిలో మూడు పక్షాలున్నాయి: పాకాల డబ్బాకు కరెంటు నిలకడగా వచ్చిందని కొందరు, ఎలుక వెళ్ళిపోయిందని కొందరు, తెల్లవారిందని కవి.

6.05కి పాకాల అన్న ఫోన్ చేశాడు.

“ఏందబ్బా, ఏడు మిస్డ్ కాల్సుండాయి?”

“చిత్తూరు లింకు పడిండెన్నా. ఇప్పుడు లేచిందిలే.”

“లేచిందా? మరి ఎందుకు కొట్టినావు?”

కవి జవాబు చిట్టాలో లేదు. 6.30కి షిఫ్టు మారింది.