‘డోంట్ టర్నాఫ్’ శ్లోకం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

రాత్రి పదకొండు కావస్తోంది. గృహస్థు తెల్లవారుజాము రైలుకు టికెట్ ప్రింటు తీసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడు వారాలుగా తెర అడుగున కుడి మూల నుంచి ఓ చిన్న పెట్టె తొంగిచూసి, ‘అప్‌డేట్ సిద్ధంగా ఉంది, రీస్టార్ట్ చేయమంటారా’ అని మర్యాదగా అడుగుతూ వచ్చింది. ఇతగాడు ‘తర్వాత’ అని నొక్కి పంపేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఆ మర్యాదకు గడువు తీరింది. యంత్రం తనంతట తానే తెర మార్చేసి, గృహస్థు నుద్దేశించి ఇట్లనుచున్నది.

మూలం

వర్కింగ్ ఆన్ అప్‌డేట్స్,
థర్టీ పర్సెంట్ కంప్లీట్,
డోంట్ టర్నాఫ్ యువర్ కంప్యూటర్.

టీక

అప్‌డేట్స్ ఆన్ = మరమ్మతుల మీద; వర్కింగ్ = పనిచేయుచున్నాను (కర్త లేడు, అధ్యాహారం చేసుకోవలెను); థర్టీ పర్సెంట్ = నూటికి ముప్ఫై పాళ్లు; కంప్లీట్ = ముగిసినది; యువర్ = నీదియైన (ఈ ఘడియలో కాకున్నను); కంప్యూటర్ = గణనయంత్రమును; డోంట్ టర్నాఫ్ = ఆర్పకుము. టర్ను + ఆఫ్ = టర్నాఫ్, ఉత్వసంధి.

తాత్పర్యం

ఓ గృహస్థా! నీవు వాయిదా వేసిన పని నేను మొదలుపెట్టితిని. మూడోవంతైనా కాలేదు. నీ రైలు సంగతి నాకు తెలియదు. స్విచ్చి జోలికి పోకుము.

విశేషాలు

‘థర్టీ’ అన్నచోట పాఠకులు తొందరపడి త్రైరాశికం వేస్తారు. ముప్ఫైకి పది నిమిషాలైతే నూటికి ఎంత? ఈ లెక్క ఇక్కడ చెల్లదు. ఇది పనికి కొలతే గాని కాలానికి కొలత కాదు. ముప్ఫై దగ్గర పావుగంట బైఠాయించి, ఆపై చకచకా తొంభై దాటి, తీరా నూరు దగ్గర మళ్లీ కూలబడటం ఈ శ్లోకానికి స్వభావోక్తి.

‘డోంట్’ ఎవరికి చెప్పినట్టు? గృహస్థుకా, కరెంటోళ్లకా? వాడుకలో ఉన్న ఫైళ్లను మార్చడం కుదరదు కనుకనే యంత్రం అందర్నీ బయటికి పంపి, రీస్టార్ట్ వేళ పాత ఫైళ్లు తీసి కొత్తవి పెడుతుంది. సగం పెట్టాక కరెంటు పోతే మళ్లీ లేవకపోవచ్చు. కాబట్టి ల్యాప్‌టాప్‌కు చార్జరు తగిలించి కూర్చోవాలి. డెస్క్‌టాప్ వారు, కొన్న నాటి నుంచి కుయ్యిమంటున్న ఆ యూపీఎస్ బ్యాటరీని మార్పించుకోవాలి.

కాలనిర్ణయం

మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం మరమ్మతులు విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున పది గంటలకు వదిలితే, కాలాన్ని బట్టి, మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదనే మనవాళ్లకు ఇది ఆదిలోనే హంసపాదు. ఈ రంగంలోని వారు ఆ రోజును ప్యాచ్ ట్యూస్‌డే అంటారు. మర్నాటికి కూడా వాళ్లు ఓ పేరు పెట్టుకున్నారు: ఎక్స్‌ప్లాయిట్ వెన్స్‌డే, అంటే లొసుగును వాడుకునే బుధవారం. ఈ శ్లోకానికి అసలు ప్రాణం ఆ బుధవారంలో ఉంది.

అప్‌డేట్ ఎలాంటిదంటే, కన్నం పూడ్చడానికి వచ్చిన తాపీ పనివాడు అది ఎక్కడుందో వీధి వీధంతా చాటింపు వేసి మరీ పూడుస్తాడు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఏ వరుస మారిందో చూస్తే చాలు, నిన్నటి దాకా లొసుగు తెలియని వాడికీ ఇవాళ తెలిసిపోతుంది. కాబట్టి అప్‌డేట్ రాక ముందు కంటే, వచ్చాక వేసుకోనివాడి పరిస్థితే ఎక్కువ ప్రమాదం. ‘తర్వాత’ నొక్కితే నిన్నటి స్థితిలోనే ఉంటామనుకోవడం భ్రాంతి.

ఉదాహరణ: 2017 మార్చి 14, రెండో మంగళవారం. విండోస్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే భాగంలోని లొసుగుకు మరమ్మతు వచ్చింది. ఏప్రిల్ 14న, అమెరికా గూఢచార సంస్థ ఎన్ఎస్ఏ ఆ లొసుగు కోసమే తయారుచేసుకున్న పనిముట్టును ‘షాడో బ్రోకర్స్’ అనే ముఠా బయట పెట్టింది. మే 12న ఆ పనిముట్టునే వాడుకుంటూ వానాక్రై అనే దొంగ ప్రోగ్రామ్ దిగింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కక్కమంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని చిక్కాయి. సోకినవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. అంటే రెండు నెలలుగా మందు ఉచితంగా గుమ్మంలోకి వచ్చి, ‘తర్వాత’ అనిపించుకుని నిలబడిపోయినవి.

పూర్వపక్షం

‘అప్‌డేట్ చేస్తేనే పాడవుతుందయ్యా! మా బావమరిది అన్నీ ఆపించేశాడు, నాలుగేళ్లుగా చీమైనా కుట్టలేదు’ అని ఒకరు. ఈ వాదాన్ని చులకన చేయరాదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను తుడిచిపెట్టింది, దాన్ని ఆపి నవంబర్‌లో మళ్లీ వదిలారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క చెడ్డ ఫైలుతో 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

సిద్ధాంతం: క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీల యంత్రాల్లో ఉండేది, ఇళ్లకు సంబంధం లేదు. ఇక 2018 నాటిది కొత్త సోకులు తెచ్చే ఫీచర్ అప్‌డేట్. దాన్ని కొన్ని వారాలు ఆపితే నష్టం లేదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ ఆగకూడదు. రెండింటినీ ఒకే ‘తర్వాత’తో కొట్టడమే పూర్వపక్షి దోషం. ఏది వేసుకున్నా, ముందు పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇళ్లలో ‘మీటర్డ్ కనెక్షన్’ అని పెట్టుకుంటే చాలా డౌన్‌లోడ్లు ఆగుతాయి. డేటా మిగులుతుంది, కన్నమూ మిగులుతుంది.

బావమరిది ‘తెలిసిన కుర్రాడి’ చేత విండోస్ వేయించాడా అన్నది ఉపప్రశ్న. ఆ కుర్రాడు వాడే యాక్టివేటర్ (కొనని విండోస్‌ను కొన్నట్టు చూపే పనిముట్టు) మొట్టమొదట యాంటీవైరస్ ఆపమంటుంది. ఎందుకు ఆపమంటుందో వ్యాఖ్యానం అక్కర్లేదు.

అనుబంధం: విన్‌రార్

ఇది మూలంలో లేదు. తెర మూలన తొంగిచూసే ఆ చిన్న పెట్టె కూడా దీని సంగతి ఎత్తదు. నలభై రోజుల ట్రయల్‌తో వచ్చి, పెళ్లికొచ్చిన చుట్టం ఏళ్ల తరబడి ఉండిపోయినట్టుండే ఈ సాఫ్ట్‌వేర్ తనను తాను అప్‌డేట్ చేసుకోదు. 2023 ఆగస్టులో 6.23 వెర్షన్ ఒక లొసుగు పూడ్చింది. అప్పటిదాకా జిప్ ఫైలు తెరిచి లోపలి ఫొటో మీద నొక్కితే, ఫొటోతో పాటు దొంగ ప్రోగ్రామూ నడిచేది. మీ విన్‌రార్ వయసెంతో ‘అబౌట్’లో చూడవచ్చు.

ప్రక్షిప్తాలు

వెబ్ పేజీ మధ్యలో ఎగిరి ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది’ అనేది తర్వాతివారెవరో చొప్పించిన శ్లోకం. ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో గతించింది, దానికి అప్‌డేట్ ఎవరూ ఇవ్వలేరు. అసలు పాఠం సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లోనే దొరుకుతుంది. క్రోమ్ కూడా పేజీలోపల అడగదు, పై కుడిమూలలో రంగు మారుస్తుంది: ముందు ఆకుపచ్చ, తర్వాత నారింజ, వారం దాటితే ఎరుపు.

ఇక అసలు పాఠమే వినపడని యంత్రాలూ ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇళ్లకు మరో ఏడాది గడువిచ్చారు. చేసుకోనివాళ్ల యంత్రాలు మధ్యరాత్రి తెర మార్చి శ్లోకం చెప్పడం మానేశాయి. దాంతో ‘ఈమధ్య మా సిస్టం బాగా కుదురుకుంది, అసలు విసిగించడం లేదు’ అని వాళ్లు చుట్టాలతో చెప్పుకుంటున్నారు.