ఏదో సింపుల్‌గా, మనవాళ్లు మూడొందల మంది

"పెద్దగా ఏం లేదండీ, బాబు ఫస్ట్ బర్త్‌డే. సింపుల్‌గా, మనవాళ్ల వరకే. మీరు మాత్రం తప్పకుండా రావాలి." హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ ఇలాంటి ఫోనొచ్చిందంటే వాలెట్ పార్కింగు కుర్రాడికి ఇవ్వడానికి చిల్లర జేబులో వేసుకోవాల్సిందే. ఆ నిరాడంబరత హాలు గేటు దగ్గరే స్వాగతం చెబుతుంది. బాబు పన్నెండు నెలల ఫొటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ, బెలూన్ల తోరణం, అమ్మానాన్నలు వాణ్నెత్తుకుని అడుగు పెట్టగానే పొగ. పొగెందుకని అడక్కండి. ప్యాకేజీలో ఉంది.

ఈమధ్య నిరాడంబరతకూ ఒక ప్యాకేజీ వచ్చింది. పల్లెటూరి థీమ్. ఏసీ హాల్లో గడ్డిపాక, ఎడ్లబండి, లాంతరు, ప్లాస్టిక్ అరటిచెట్టు, నీళ్లు లేని బావికి గిలక. పంచె కట్టిన తాతగారిని ఆ పాక ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఆయన నిజంగానే పల్లెటూరాయన. ఊళ్లో ఆయనకు ఇల్లుంది, పెరట్లో అరటిచెట్లున్నాయి, ముందు బోలెడంత వాకిలుంది. అక్కడే చేయొచ్చు కదా అంటే, "అక్కడ పార్కింగ్ కష్టం అంకుల్" అని జవాబు. (ఎడ్లబండికి చోటు దొరకని పల్లెను నేనింకా చూడలేదు.)

ఇంతకీ పుట్టినరోజు ఎవరిదో వాడి సంగతి చూద్దాం. ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మనవాడు ఏడింటికే కళ్లు నులుముకుంటాడు. కేకు మాత్రం తొమ్మిదిన్నరకు. నాన్నగారి బాసు ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు మరి. షేర్వాణీ మెడ దగ్గర గుచ్చుకుంటోందని చెప్పడానికి వాడికి మాటలు రావు, ఏడుపు వచ్చు. ఆ ఏడుపు డీజే మోతలో కలిసిపోతుంది. "బర్త్‌డే బాయ్ ఫుల్ జోష్‌లో ఉన్నాడు!" అని యాంకరమ్మ ప్రకటిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర వేసినవి పెట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు, ఇక్కడ వాడి రెండు చేతులూ కేకులో ముంచి ‘కేక్ స్మాష్’ అంటారు. స్నో స్ప్రే డబ్బాలో నురగను బయటికి తోసేది చాలావరకు మండే గ్యాసే. మంటకు దూరంగా ఉంచమని డబ్బా మీదే రాసుంటుంది. చదివేదెవరు? వెలుగుతున్న కొవ్వొత్తి ముందు, పిల్లాడి నెత్తిమీదే కొడతారు.

కేంద్రం 2022 జులై 1 నుంచి కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీటు డబ్బాలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే పల్చటి కవర్లు, 100 మైక్రాన్లలోపు బ్యానర్లు. ఆ జాబితా రాసిన అధికారి ఎవరోగానీ, ఏదో ఫస్ట్ బర్త్‌డేకి వెళ్లి, భోంచేసి, హాలంతా ఒకసారి కలియజూసి వచ్చి రాసినట్టుంది.

ఇంత ఎందుకయ్యా అంటే జవాబు సిద్ధం. తోడికోడలు వాళ్ల పాపకి స్టార్ హోటల్లో చేశారు. మనం ఇంట్లో చేస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురి కోసం క్రెడిట్ కార్డు గీకుతారు. వాయిదాలు తీరేలోపు రెండో పుట్టినరోజు వచ్చేస్తుంది. అదీ సింపుల్‌గానే.

నిజానికి ఖర్చులేని పుట్టినరోజు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, హారతి, నెత్తిన నాలుగు అక్షింతలు, గారెలు, పాయసం. బడికెళ్లే ఈడైతే ఒక చాక్లెట్ల ప్యాకెట్టు. క్లాసులో అందరికీ ఒక్కొక్కటి, ప్రాణస్నేహితుడికి మాత్రం రెండు. సాయంత్రం అపార్టుమెంటు పిల్లలు పదిమంది, పులిహోర, కేకు, కుర్చీలాట. కుర్చీ దక్కని వాడొకడు కాసేపు అలుగుతాడు. వాణ్ని బుజ్జగించడానికి యాంకరమ్మ అక్కర్లేదు, ఇంకో ముక్క కేకు చాలు.

కాబట్టి వచ్చే నెల మీ ఇంట్లో పుట్టినరోజుంటే పిల్లల్ని పిలవండి, పాయసం పెట్టండి, ఏడున్నరకల్లా అందర్నీ ఇళ్లకు పంపించేయండి. నన్ను పిలవకపోయినా ఏమీ అనుకోను.