నీలం డబ్బా

ఆసుపత్రి రిజిస్టర్లో నా పేరు వ్యాక్సిన్ క్యారియర్. ఊళ్ళలో ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకు ఐసు డబ్బాను, పెద్దవాళ్ళకు సూదుల డబ్బాను. నీలం ప్లాస్టిక్ ఒళ్ళు, భుజాన వేసుకునే పట్టీ, లోపల నాలుగు పక్కలా నిలబెట్టే నాలుగు ఐస్‌ప్యాకులు, నడుమ సీసాలు, వాటి పైన చీలికలున్న స్పాంజి, ఆపైన మూత. గుత్తిలో పుట్టలేదు గానీ నా బతుకంతా గుత్తి కోట కనబడే మేరలోనే గడిచింది.

లోపల 2 నుంచి 8 డిగ్రీలు దాటకుండా చూడడం నా పని. బయట మే నెల, 40 దాటిన ఎండ. వేడి ఒక్కటే శత్రువనుకుంటారు చాలామంది. అతి చల్లదనం కూడా టీకాకు చేటే. అందుకే డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాకును నర్సమ్మ వెంటనే నాలో పెట్టదు. పెడితే సీసా గడ్డకడుతుంది, గడ్డకట్టిన కోవిషీల్డు పారేయాల్సిందే. ప్యాకుల్ని బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా కూర్చుంటుంది. తర్వాత ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినబడితేనే దానికి నాలో చోటు. బయట ఆటో హారన్ కొడుతున్నా ఆ చప్పుడు వినబడేదాకా ఆమె కదలదు. ఎంత మంచి టీకా అయినా చివరికి ఆ చెవి మీదే ఆధారపడుతుంది.

కరోనా టీకాలు దేశంలో 2021 జనవరి 16న మొదలయ్యాయి. ముందు ఆసుపత్రి సిబ్బంది, మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరూ. పుణె నుంచి కోవిషీల్డు, హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ నుంచి కోవాగ్జిన్. రెండూ నాలో ప్రయాణం చేశాయి. మొదట్లో జనం భయపడ్డారు. రెండో అల వచ్చి, బెంగళూరు నుంచి వలస కూలీలు తిరిగొచ్చి, వీధి వీధికీ చావు కబురు చేరాక భయం దిశ మారింది. నన్ను మోసుకొచ్చే నర్సమ్మ కోసం జనం తెల్లారకముందే ఊరి సచివాలయం మెట్ల మీద కూర్చునేవాళ్ళు. నాలో ఉన్నవి కొన్ని సీసాలే. కోవిషీల్డు సీసాకు పది డోసులు. లెక్కపెట్టి ఇచ్చిన చీటీలు అయిపోయాక మిగిలినవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

ఆ రోజుల్లోనే ‘కొత్త రకం’ అన్న మాట మా ఊరికొచ్చింది. అదీ దూరం నుంచి కాదు, పక్కనున్న కర్నూలు పేరుతో వచ్చింది. ఎన్440కె అని ఒక మార్పు. దాన్ని కొందరు ‘ఏపీ స్ట్రెయిన్’ అన్నారు, పదిహేను రెట్లు ప్రమాదమన్నారు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నమూనాల జన్యుక్రమం చూసి, ఆ రకం తగ్గుముఖం పట్టిందనీ, దాని చోటును వేరే రకాలు ఆక్రమిస్తున్నాయనీ చెప్పారు. ఆ వేరే రకాల్లో ముఖ్యమైనది బి.1.617 వంశం. అందులో ఒక కొమ్మకే తర్వాత డెల్టా అని పేరు పెట్టారు. మాకు ఆప్తుల్ని దూరం చేసింది అదే.

ఇంతకీ మార్పంటే ఏమిటి? వైరస్ ఒంటి మీద ముళ్ళుంటాయి. ఆ ముల్లుతోనే అది మన కణానికి తగులుకుంటుంది. టీకా మన ఒంటికి నేర్పే పాఠంలో ఎక్కువ భాగం ఆ ముల్లు ఆకారమే. ఆ ముల్లును కట్టిన గొలుసులో 440వ పూస మారితే ఎన్440కె. ఒకటి రెండు పూసలు మారితే ఒళ్ళు గుర్తుపడుతుంది. 2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ అని పేరు పెట్టిన రకంలో ముల్లు మీదే 30కి పైగా మార్పులున్నాయి. కర్నూలు పేరుతో మమ్మల్ని బెదరగొట్టిన ఆ 440వ మార్పు కూడా వాటిలో ఒకటి!

డెల్టా ముందు టీకాలు ఎంత నిలిచాయో చెప్పడానికి మనకు దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ళు రెండో అల నడుమ తమ సిబ్బంది లెక్కలే తీశారు. రెండు డోసులు పడినవాళ్ళకు వ్యాధి సోకకుండా 65 శాతం రక్షణ. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం నుంచి 77 శాతం. ఆక్సిజన్ నుంచి 92. ఐసీయూ నుంచి 94. ఈ నాలుగు అంకెల్నీ పై నుంచి కిందికి చదవండి. జబ్బు ముదిరేకొద్దీ రక్షణ పెరుగుతోంది. టీకా గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఇదే. ఇది ఊళ్ళలో సరిగా చెప్పకపోవడం వల్లే తర్వాత చాలా నష్టం జరిగింది.

ఒక్క డోసు సంగతి వేరు. డెల్టా మీద కోవిషీల్డు రకం టీకా ఒక్క డోసు బలం 30 శాతమేననీ, రెండోది పడితే 67కు లేస్తుందనీ ఇంగ్లండు లెక్కలు చెప్పాయి. 2021 మే నెలలో అక్కడ 50 దాటినవాళ్ళకు రెండు డోసుల మధ్య ఎడాన్ని 12 వారాల నుంచి 8కి తగ్గించారు. అదే వారంలో మన దగ్గర ఆ ఎడాన్ని 12–16 వారాలకు పెంచారు. ఎడం ఎక్కువైతే రెండో డోసు బాగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ డెల్టా గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు ఒక్క డోసుతో నాలుగు నెలలు ఎదురుచూడమనడం ముసలివాళ్ళకు న్యాయం కాదు. ఈ మాట నేను గట్టిగానే అంటాను. ఆ ఎదురుచూపులో రాలిపోయినవాళ్ళ ఇళ్ళ ముందు నుంచే నన్ను మోసుకుపోయారు.

జూన్ నుంచి సీసాలు బాగా వచ్చాయి. 2021 జూన్ 20న రాష్ట్రమంతటా ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఆ రోజు నన్ను ఎన్నిసార్లు నింపారో.

2022 సంక్రాంతి దాటాక ఇంటింటా దగ్గు. రెండు డోసులు పడినవాళ్ళకూ వచ్చింది. ఒమిక్రాన్ బయటి గడపను అలవోకగా దాటేసింది. ముందుజాగ్రత్త డోసు పేరుతో మూడోది జనవరి 10న మొదలైంది. జూలైలో రెండో డోసుకూ మూడోదానికీ మధ్య గడువును తొమ్మిది నెలల నుంచి ఆరుకు తగ్గించి, 15వ తేదీ నుంచి 75 రోజులు పెద్దవాళ్ళందరికీ ఉచితంగా వేశారు. నర్సమ్మ నన్ను భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తీసినవాళ్ళు తక్కువ.

అరుగు మీద బుడ్డలు ఒలుస్తున్న ఒక అవ్వ చేతులు ఆపకుండానే అడిగింది: “రెండు సూదులు ఏసుకుంటి గదా పాపా, అయినా జరం రానే వచ్చె. ఇంగ మూడోది యాల?”

నర్సమ్మ నన్ను అరుగు మీద దించింది. “జరమొచ్చె సరే అవ్వా. ఆస్పత్రిలో పండుకుంటివా? ఆక్సిజన్ పెట్టిరా?”

“లేదులే. మూడు దినాలకే లేస్తి.”

“పోయినేడు మీ వీధిలో ఎంతమందికి పెట్టిరి? నీకు పెట్టలే గదా.” కొండ వైపు చెయ్యి చూపింది. “మన కోటకు ఒక్క వాకిలేనా అవ్వా? ఒకటి పగలగొట్టి లోపలికొస్తే ఇంగొకటి, అది దాటితే మరొకటి. ఈ కొత్తది మొదటి వాకిలి దాటింది. లోపలి వాకిళ్ళు నిలబడినాయి. ఏండ్లు గడిస్తే వాటికీ చెదలు పడుతుంది, నీ వయసులో ఇంకా బిరీన పడుతుంది. దాన్ని బాగుచేసేదానికే ఈ మూడోది.”

ఆమె చెప్పింది సరైన శాస్త్రం. రక్తంలో తిరిగే యాంటీబాడీలు మొదటి వాకిలి. అవి నెలల్లోనే పలచబడతాయి, మారిన ముల్లును సరిగా పట్టలేవు. లోపల జ్ఞాపకం ఉంచుకునే కణాలున్నాయి, టీ కణాలున్నాయి. టీ కణాలు వైరస్ ముక్కల్ని చాలా చోట్ల గుర్తుపడతాయి గనుక పది ఇరవై మార్పులకు మోసపోవు. ఇంగ్లండులో కోవిషీల్డు రకం రెండు డోసులు పడి ఆరు నెలలైనవాళ్ళకు ఒమిక్రాన్ జబ్బును ఆపే బలం దాదాపు ఏమీ మిగల్లేదు. మూడోదిగా ఫైజరు వేస్తే కొన్ని వారాల్లో 62 శాతానికి లేచింది, పది వారాలు దాటేసరికి 40కి దిగింది. అయినా ప్రాణం మీదికి రాకుండా కాచే బలం అంత తొందరగా దిగలేదు.

అవ్వ బుడ్డల చేట పక్కన పెట్టి, కొంగు జరిపి, ఎడమ చెయ్యి చాపింది.

అందరి కథా అలా ముగియలేదు. ఒక ఊళ్ళో ఒక ముసలాయన మూడో డోసుకు తనంతట తానే వచ్చాడు. కర్ర పట్టుకుని, ఎండలో. సీసా మూత తెరిస్తే నాలుగు గంటల్లో పది డోసులూ అయిపోవాలి, లేకపోతే మిగిలింది పారబోయాలి. ఇంకో తొమ్మిది మంది కూడితే పిలుస్తామని ఆయన్ను వెనక్కి పంపారు. కూడలేదు, పిలవలేదు. ఆ సాయంత్రం తెరవని సీసా నాలోనే చల్లగా తిరిగి ఆసుపత్రికి చేరింది. తొమ్మిది డోసులు వృథా అయినా సరే, ఆ సీసా తెరిచి ఉండాల్సింది. ఆయన తర్వాత ఏమయ్యాడో నాకెవరూ చెప్పలేదు.

గుత్తికి అంటురోగం కొత్త కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోతే ఇక్కడికే తెచ్చి పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. అంతటి అధికారికి కూడా అప్పుడు సూది లేదు.

ఇప్పుడు నాకు బుధ, శనివారాలే పని. పసిపిల్లల టీకాలు. వాటిలో తట్టు టీకా ఉంది. అరవై ఏళ్ళు దాటినా తట్టు వైరస్ దాని నుంచి తప్పించుకునే వేషం కనిపెట్టలేకపోయింది. ఫ్లూ మాత్రం ఏటా మారుతుంది, దాని టీకానూ ఏటా సరిచూస్తారు. కరోనా ఈ రెండో దారిలో నడుస్తోంది. అమెరికా, ఐరోపాల్లో 2023లో ఎక్స్‌బీబీ రకానికి, మరుసటేడు జేఎన్.1 వంశానికి తగ్గట్టు టీకా మార్చారు. మన దేశంలో పుణె జెన్నోవా తయారుచేసిన ఒమిక్రాన్ టీకాకు 2023 జూన్‌లో అనుమతి వచ్చింది. నా చల్లదనంలోనే నిలవుండే టీకా అది. ఒక్క సీసా కూడా నా దాకా రాలేదు. నేను మోసిన కరోనా టీకాలన్నీ తొలినాటి వైరస్‌ను చూసి చేసినవే.

మళ్ళీ ఏదో కొత్త అక్షరంతో కొత్త రకం వచ్చిందని టీవీలో చెబుతారు. పాత టీకా పనిచేస్తుందా లేదా అని వాదన మొదలవుతుంది. మీ ఇంట్లో 60 దాటినవాళ్ళు, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఉంటే వాళ్ళ చివరి డోసు ఏ నెలలో పడిందో ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డుతో కలిపి దాచండి. మళ్ళీ డోసులు వస్తే నర్సమ్మ మొదట అడిగేది అదే.