నేను ఎర్ర గచ్చుని

తిరువూరులో పాత ఇళ్లున్న ఏ వీధిలోకి తిరిగినా నా తోబుట్టువులు ఒకరిద్దరైనా కనిపిస్తారు. వరండాల్లో నున్నగా మెరుస్తూ, ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా మనుషుల్ని పడుకోబెట్టుకునే ఎర్ర గచ్చులం మేం. నా ఒళ్లు సిమెంటుదే. పేరు మాత్రం అందులో కలిపిన చారెడు పొడిది. రంగుల కొట్లో దాన్ని ‘రెడ్ ఆక్సైడ్’ అంటారు.

ఇనుము, ఆక్సిజన్ కలిస్తే ఆ పొడి. తుప్పుకు దగ్గరి చుట్టం. గడపలకు, అరుగులకు పూసే జాజులో ఉన్నదీ ఇదే. భూపాలపల్లి వైపు పాండవుల గుట్ట రాళ్లమీద ఆదిమానవులు వేసిన ఎర్ర బొమ్మలూ మా వంశంవే. బేతంచెర్ల గనుల్లో దొరికే పసుపు మన్నులోనూ మా ఇనుమే ఉంది. కాకపోతే అది కడుపులో నీటిని దాచుకుంటుంది. 300 డిగ్రీల దాకా కాలిస్తే ఆ నీరు ఆవిరై, పసుపు కాస్తా ఎరుపవుతుంది.

నాలోకి వచ్చింది గని మన్ను కాదు, ఫ్యాక్టరీ సరుకు. ఆకుపచ్చగా ఉండే అన్నభేదిని కొలిమిలో కాలిస్తే ఘాటైన గంధకపు పొగ పోయి ఎర్రపొడి మిగులుతుంది. పాత పద్ధతి అది. 1925లో జర్మనీలో లాక్స్ అనే రసాయనవేత్త, అనిలిన్ తయారీలో మిగిలిపోయే ఇనుప బురదనే మంచి రంగుగా మార్చే దారి కనిపెట్టాడు. చెత్తలోంచి పుట్టామని మాకేం చిన్నతనం లేదు. నలుసు సైజే మా జాతకం. మైక్రాన్‌లో పదో వంతు ఉంటే నారింజ ఛాయ, పెద్దదయ్యేకొద్దీ ఊదా వైపు మొగ్గు.

నన్ను వేసిన రోజు మేస్త్రీ పొడి సిమెంటులో రంగు కలిపి, జల్లెడ పట్టి, మళ్లీ కలిపాడు. ఇంటావిడకు ఎరుపు చాల్లేదు.

“ఇంకో డబ్బా వెయ్యి నాయనా.”

“వద్దమ్మగారూ. ఎక్కువేస్తే ఎరుపు పెరగదు, గచ్చు పొడిపొడిగా రాలుద్ది.”

ఆయన మాటే సరైనది. సిమెంటు బరువులో పదో వంతు దాటితే రంగు పెరగడం మాట అటుంచి, పట్టు తగ్గుతుంది. అడుగు గచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే ఎర్ర ముద్దను పలచగా పరిచి, గుంజీళ్లు తీస్తున్నట్టు కూర్చుని లేస్తూ వెనక్కి జరుగుతూ తాపీతో రుద్దాడు. తాపీ అంచు దగ్గర నీళ్లు తేలి మెరిసేవి. తర్వాత వారం పైగా నీళ్లు నిలగట్టారు. మొదట్లో అక్కడక్కడా తెల్లటి పొర తేలింది. రంగు పోయిందని ఇంటావిడ గొడవ. రంగు ఎక్కడికీ పోలేదు. సిమెంటులోని సున్నం పైకొచ్చి గాలికి తెల్లబారిందంతే.

ఆ సున్నమే చాలా రంగులకు మృత్యువు. ప్రష్యన్ బ్లూ అనే అందగాణ్ణి సిమెంటులో వేస్తే వెలిసిపోతాడు. మాకు క్షారమూ ఎండా రెండూ లెక్కలేదు. మేం నీళ్లలో కరిగే అద్దకం రంగులం కాదు, గట్టి నలుసులం. ఇంట్లో బట్టలకు పెట్టే నీలిమందు పొడి, అంటే అల్ట్రామెరైన్, మాకు దూరపు బంధువు. తెల్లమట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాలిస్తే వస్తుంది. 1826లో ఫ్రాన్స్‌లో గిమే తయారుచేసేదాకా, ఆఫ్ఘనిస్తాన్ కొండల రాయి నూరి తీసిన ఆ నీలం బంగారంతో పోటీపడేది. పాపం, కాస్త ఆమ్లం తగిలితే చాలు, కుళ్లిన గుడ్డు వాసన కొట్టి తెల్లబడిపోతుంది.

ఎదురింటివాళ్లది ఆకుపచ్చ గచ్చు. అది క్రోమియం ఆక్సైడ్, మొండితనంలో మాకు సరిజోడు. విజయవాడ దారిలో కొండపల్లి అనగానే అందరికీ బొమ్మలే గుర్తొస్తాయి. క్రోమియానికి మూలమైన క్రోమైట్ ఖనిజం ఆ కొండల్లోనే ఉందని ఎంతమందికి తెలుసు?

మా కిటికీ ఊచలకు అడుగుపూత రెడ్ ఆక్సైడే. తుప్పు వంశంవాళ్లమే తుప్పుకు కాపలా! ఆ పైన వేసిన పాత పసుపు ఎనామిల్‌తోనే నాకు బెంగ. అలాంటి పసుపుల్లో సీసం క్రోమేట్ కలిపేవాళ్లు. ఇంట్లో పాకే పిల్ల ఊచ పట్టుకుని నిలబడి నోరు పెట్టినప్పుడల్లా నేను హడలిపోయేవాణ్ణి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు తెల్ల టైల్స్ వేయించమంటోంది. వాటి తెలుపుకు చాలాసార్లు జిర్కాన్ పొడి ఆధారం. శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ దొరికే ఖనిజమే కాబట్టి పరాయిదని ఆడిపోసుకోలేను. మొన్న టైల్స్ మేస్త్రీ వచ్చి నన్ను బొటనవేలితో రుద్ది చూశాడు.

“ఇంత నున్నగా ఉంటే టైలు పట్టదండీ. ముందు గచ్చంతా గంట్లు కొట్టాలి. దానికి కూలీ వేరే.”

నాయనమ్మ ఏళ్ల తరబడి కొబ్బరినూనె గుడ్డతో తుడిచి తెచ్చిన నునుపది. కూలీ దగ్గర బేరం ఇంకా తెగలేదు.