మీసాల పీక కొనేవారికి చిట్కాలు

మీవాడికి రెండు నెలలు దాటినా మీసం రాలేదని బెంగపడకండి. నోట్లో పెట్టే పీకకే మీసం అతికించి అమ్ముతున్నారు. కోరపళ్ళవి, ఎర్రటి లిప్‌స్టిక్ పెదాలవి కూడా ఉన్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని అమ్మానాన్నల కోసమే ఈ నాలుగు ముక్కలు.

కొనేటప్పుడు బిడ్డ వయసు అడగొద్దు, ఫొటో ఎలా పడుతుందో చూడండి. రొమ్ము పట్టడం సరిగ్గా అలవాటు కాకముందే పీక ఇస్తే పాలు తాగడం దెబ్బతింటుందని డాక్టర్లంటారు. వాళ్ళదేం పోయింది, బారసాల రీలు పెట్టాల్సింది మీరు! పెదాలకి అడ్డంగా ఉండే బిళ్ళకి కనీసం రెండు రంధ్రాలుండాలని అమెరికా వాళ్ళు 1977లోనే నిబంధన రాసుకున్నారు, పొరపాటున నోట్లోకి పోయినా ఊపిరి ఆడాలని. మనకి మీసం గుబురుగా ఉంటే చాలు. అది ఊడి గొంతులో పడుతుందేమోనని లాగి చూడకండి, కొత్త వస్తువు పాడవుతుంది.

తెనాలి వాళ్ళకైతే మొహమాటమే అక్కర్లేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామ వేషం కట్టి జనాన్ని వెర్రెత్తించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మీసం లేకుండా రంగమెక్కారు, మీవాడు మీసంతోనే ఎక్కుతాడు. నాటకాల ఊళ్ళో ఎవరేమంటారు?

అమ్మమ్మ అంటుంది. "పసిగుడ్డు మొహాన ఆ వేషమేంటే? దిష్టి తగులుద్ది. పళ్ళు కూడా ఎత్తుగా వస్తయ్!" దిష్టికి ఆవిడే ఉప్పు, మిరపకాయలు తిప్పేస్తుంది. పళ్ళ మాట మాత్రం చెవిన పెట్టకండి. మూడు నాలుగేళ్ళొచ్చినా పీక మాన్పించకుండా ఉంచితే పళ్ళ వరస చెడుతుంది, నిజమే. పళ్ళ డాక్టర్లూ బతకాలిగా! పైగా పీక తెచ్చింది మేనమామ. "ఏం కాదులేమ్మా" అని అతనన్నాక ఇంట్లో ఇంక అప్పీలుండదు.

రేపల్లె బండిలో పీక కింద పడిందా? పైట చెంగుతో ఓ తుడుపు తుడిచి నోట్లో పెట్టెయ్యండి. సీటు కిందికి దొర్లినా కంగారొద్దు, రేపల్లె తర్వాత పట్టాల్లేవు, అక్కడ దిగేముందు తీరిగ్గా వెతుక్కోవచ్చు. సూర్యలంక ఇసకలో పడితే ఉఫ్ అని ఊదితే చాలు. సబ్బుతో కడగడం, వేణ్ణీళ్ళలో మరిగించడం తీరికున్న వాళ్ళ పనులు.

మాటిమాటికీ పడిపోకుండా నల్లతాడుతో మెళ్ళో కట్టేయండి, నిద్రలోనూ విప్పకండి. అయినా ఏడుపు ఆపకపోతే తేనెలో ముంచి పెట్టండి.

ఈ చివరి రెండింటి దగ్గర మాత్రం నా వెటకారం చాలు. నిద్రలో ఆ తాడు మెడకి బిగుసుకుంటే అరవడానికి కూడా బిడ్డకి గొంతు పెగలదు. తేనెలో బొట్యులిజం తెచ్చే సూక్ష్మజీవుల బీజాలుండొచ్చు, ఇంట్లో మరిగించినా అవి చావవు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి విషం పుట్టిస్తాయి. మలబద్ధకంతో మొదలై, ఏడుపు నీరసపడి, పాలు చప్పరించే సత్తువ పోయి, ఊపిరి దాకా వస్తుంది. పట్టుతేనె అయినా, పెద్దవాళ్ళు చెప్పినా, ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకండి. మెళ్ళో తాడుంటే ఇప్పుడే విప్పేయండి.